టర్కీ కోడి వేటకు తుపాకీ, తూటాలు

కర్నూలు, కడప పల్లెల్లో పంటకాపలా తుపాకీ చూసినవాళ్లకు 12 బోర్ (గొట్టం లోపలి వెడల్పు కొలత) కొత్తేం కాదు. ఇక్కడ వన్యప్రాణుల వేట 1972 చట్టం కింద నేరం; ఈ మాటలు అమెరికాలో లైసెన్సు తీసుకుని టర్కీ వేటకు పోయే మనవాళ్లకే.

12 బోర్, 3 అంగుళాల చాంబర్ (తూటా కూర్చునే అర), ఫుల్ చోక్ (గుండ్లు చెదరకుండా గొట్టం చివరుండే ఇరుకు) చాలు. సీసపు గుండ్లయితే 4, 5, 6 నంబర్లు (నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది). టంగ్‌స్టన్ బరువెక్కువ గనక 9 నంబరూ సరిపోతుంది, ధర వింటేనే గుండె గుభేలుమంటుంది. గురి తల, మెడ మీదే. ఒంటికి తగిలితే గాయంతో పారిపోతుంది.

ముందు 40 గజాల్లో కాగితం కట్టి కాల్చి చూడండి: ఒక్క తూటాకే 10 అంగుళాల గుండ్రంలో 100 గుండ్లు పడాలి. పడకుంటే తూటా మార్చండి, లేదా దగ్గర్నుంచే కాల్చండి. పాత తుపాకీతో జాగ్రత్త: 2¾ అంగుళాల చాంబర్‌లో 3 అంగుళాల తూటా దూరుతుంది గానీ, పేలినప్పుడు తూటా నోరు విచ్చుకునే చోటుండదు. ఒత్తిడికి గొట్టమే పగలొచ్చు.