జీపు ఓడెక్కే ముందు: విశాఖ నుంచి బండి పంపేవాళ్లకు జాగ్రత్తలు

సెప్టెంబరు పదిహేనులోపు బండి ఓడెక్కేలా లేకపోతే డిసెంబరు మూడో వారం దాకా ఆ ఆలోచన పక్కన పెట్టండి. విశాఖ నుంచి సొంత జీపును విదేశానికి పంపాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పే మాట ఇదే. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం ఎలా ఉంటుందో మన ఊరివాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా మన మీదికే వచ్చింది. డిసెంబరు వచ్చేసిందిలే అనుకోవడానికీ లేదు, 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది.

తుఫాను వస్తోందంటే పోర్టులో హెచ్చరిక నంబరు పెరుగుతుంది, ఓడల్ని సముద్రంలోకి పంపేస్తారు, క్రేన్లు ఆపేస్తారు. మీ కంటైనర్ మాత్రం యార్డులోనే ఉంటుంది. ఆ నాలుగైదు రోజుల ఆలస్యం అక్కడితో ఆగదు. విశాఖలో ఎక్కించిన కంటైనర్ చాలాసార్లు కొలంబోలో ఇంకో ఓడ మారుతుంది. ఇక్కడి చిన్న ఓడ ఆలస్యమైతే అక్కడి పెద్ద ఓడ మన కోసం ఆగదు, తర్వాతి ఓడలో చోటు దొరికేదాకా బండి అక్కడే. ఈలోపు మీ విమానం టికెట్, వీసా తేదీలు, ఆఫీసులో పెట్టిన సెలవు అన్నీ కరిగిపోతుంటాయి.

నేను కెన్యా రేవు మొంబాసాను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కెన్యా, ఉగాండా, టాంజానియా, జాంబియా అన్నిచోట్లా మనలాగే రోడ్డుకి ఎడమ పక్కన నడుపుతారు కాబట్టి మన స్టీరింగ్‌కి ఇబ్బంది లేదు. కెన్యాలో మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు. అందుకే డిసెంబరు చివర్లో పంపడమే నాకు నచ్చుతుంది. ఇక్కడి తుఫాన్లు తప్పుతాయి, అక్కడి మట్టిరోడ్లూ ఆరి ఉంటాయి.

కంటైనర్ తలుపు ఎత్తు చూసి సామాను కొనండి

కార్లు ఎగుమతి చేసే రో-రో ఓడలు, అంటే బండిని నడిపి ఎక్కించేవి, ఎక్కువగా చెన్నై, ఎన్నూరు, ముంబై, ముంద్రాల నుంచి వెళ్తాయి. విశాఖ నుంచి ఒక్క బండి పంపేవాళ్లకి కంటైనరే దారి. ఇరవై అడుగుల కంటైనర్ లోపల పొడవు సుమారు 5.9 మీటర్లు, తలుపు ఎత్తు సుమారు 2.28 మీటర్లు. థార్ పొడవు నాలుగు మీటర్ల లోపే, ఎత్తు 1.85 మీటర్ల దగ్గర. అంటే పైన నలభై సెంటీమీటర్ల చిల్లర మిగులుతుంది. ఆ పైన క్యారియర్, దాని మీద మడత టెంటు బిగించారో ఆ కాస్తా అయిపోతుంది. ఫోర్స్ కంపెనీ గూర్ఖా అయితే రెండు మీటర్లు దాటే ఉంటుంది, క్యారియర్ పెట్టినా అనుమానమే. అప్పుడు నలభై అడుగుల హై క్యూబ్, అంటే ఎత్తు ఎక్కువున్న కంటైనర్, తీసుకోవాలి, బిల్లు ఎక్కడికో పోతుంది. దాన్ని ఇంకో బండివాళ్లతో పంచుకునే వీలుంటే సరే.

రూఫ్ టెంటు మీద నాకు మొదటినుంచీ పెద్ద మోజు లేదు. నేల మీద వేసుకునే టెంటు, రెండు దుప్పట్లు, ఒక గిన్నె, ఒక పెనం, పనిముట్ల పెట్టె, పంక్చర్ కిట్, గాలి పంపు, ఒక స్టెప్నీ ఉంటే చాలు. వంట చెయ్యడానికి ఇంకేం కావాలన్నా మొంబాసా బజార్లో దొరుకుతుంది. తక్కువ సామానంటే డబ్బు ఆదా ఒక్కటే కాదు. బండిలో ఉన్న ప్రతి వస్తువూ ప్యాకింగ్ లిస్టులో ఒక వరుస, కస్టమ్స్ అడిగే ఒక ప్రశ్న, దారిలో దొంగకి ఒక అవకాశం. రెండు పేజీల లిస్టు పట్టుకెళ్లినవాడి బండిని మొత్తం దింపి చూస్తారు. పది వరుసల లిస్టు అయితే తలుపు తీసి, చూసి, మూసేస్తారు.

కొన్ని వస్తువులు అసలు పెట్టకూడదు. గ్యాస్ సిలిండర్ వద్దు, చిన్న క్యాంపింగ్ డబ్బా కూడా. డీజిల్ క్యాన్లు ఖాళీగా, వాసన లేకుండా ఆరబెట్టి ఉండాలి. అదనపు లిథియం బ్యాటరీ, చేత్తో మోసే పవర్ స్టేషన్ లాంటివి ఉంటే షిప్పింగ్ లైనుకి ముందే రాసి చెప్పాలి, దాచిపెడితే ఇన్సూరెన్సే చెల్లదు. శాటిలైట్ ఫోను, శాటిలైట్ మెసెంజర్ మన దేశంలో టెలికాం శాఖ లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం, కాబట్టి ఇక్కడ కొని బండిలో పెట్టే ఆలోచన మానండి. డ్రోన్‌కి కెన్యాలో ముందస్తు అనుమతి కావాలి.

మన ఇళ్లలో అలవాటుగా జరిగేది ఇంకోటుంది. బట్టలు, మందులు, పచ్చళ్లు అన్నీ ప్లాస్టిక్ కవర్లలో చుట్టడం. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం, టాంజానియాలో 2019 జూన్ నుంచి. గుడ్డ సంచులు వాడండి. ఆవకాయ సీసా ఎలాగూ వద్దు, ఎండలో నిలబడ్డ కంటైనర్ లోపల వేడికి నూనె పొంగి సీట్ల మీదికి వస్తుంది. అంతగా ఉండలేకపోతే విమానంలో మీతో తీసుకెళ్లండి, మీ అదృష్టం.

పేర్లు, నంబర్లు, కార్నే

బండిని పన్ను కట్టకుండా తాత్కాలికంగా ఇంకో దేశంలోకి తీసుకెళ్లడానికి కార్నే డి పసాజ్ అనే పుస్తకం కావాలి. మన దేశంలో ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తుంది. దీనికి బ్యాంకు గ్యారంటీ పెట్టాలి, గడువు ఏడాది. బ్యాంకు పని అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు తీసుకుంటుంది కాబట్టి ఓడ బుకింగ్ కంటే ముందు దీన్ని మొదలుపెట్టండి. బండి మీద లోను ఉంటే ఫైనాన్స్ కంపెనీ నుంచి అభ్యంతరం లేదన్న కాగితం తేవాలి. నా సలహా అడిగితే, లోను తీరాకే బండి పంపండి.

మనవాళ్లకి అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. ఆర్‌సీలో జి. అప్పలరాజు అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి ఉంటుంది, లైసెన్సులో పొడి అక్షరం చివరికి పోయి ఉంటుంది. గాజువాకలో ఎవరికీ ఇది సమస్య కాదు. మొంబాసా కస్టమ్స్ అధికారికి మాత్రం ఇవి ముగ్గురు మనుషులు. కార్నే, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకుకి ఓడ కంపెనీ ఇచ్చే రసీదు), ప్యాకింగ్ లిస్టు, ఇన్సూరెన్సు అన్నిట్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఆర్‌సీలో పేరు సరిచేయించాల్సి ఉంటే రవాణా ఆఫీసు పని ముందు చూసుకుని అప్పుడు కార్నేకి దరఖాస్తు పెట్టండి.

రెండోది ఛాసిస్ నంబరు. సముద్రం గాలికి మన ఊళ్లో ఇనుము ఎలా తుప్పు పడుతుందో తెలిసిందే. ఫ్రేమ్ మీద కొట్టిన అంకెలు పొక్కులు లేచిపోయి 3కీ 8కీ తేడా తెలియకుండా ఉంటాయి. కస్టమ్స్ తనిఖీలో ఆ నంబరుని ఆర్‌సీతో పోల్చి చూస్తారు. డీజిల్‌లో ముంచిన గుడ్డతో నెమ్మదిగా తుడవండి, మెత్తటి బ్రష్ వాడండి, కొంచెం గ్రీజు పూయండి, దగ్గరగా ఫొటో తీసిపెట్టుకోండి. మెకానిక్ గ్రైండర్ తీశాడంటే చెయ్యి పట్టుకుని ఆపండి. అంకెలు చెరిగితే నంబరు మార్చారన్న అనుమానం వస్తుంది, ఇక బండి కదలదు.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ రవాణా ఆఫీసులోనే ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. హై సెక్యూరిటీ ప్లేటు మీద మన దేశం గుర్తుగా చిన్నగా ఐఎన్‌డీ అని ఉన్నా, తెల్లటి అండాకారంలో నల్ల అక్షరాలతో ఐఎన్‌డీ స్టిక్కరు వెనకాల విడిగా అంటించండి.

బండి ఇన్సూరెన్సు సముద్రం దాటదు

మామూలు ఫుల్ ఇన్సూరెన్సు ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. పాలసీ తీసి చదవండి. బండిని రోడ్డు, రైలు, లోతట్టు జలమార్గం, లిఫ్టు, విమానం మీద తరలిస్తుండగా జరిగే నష్టం అని ఉంటుంది. సముద్రం అందులో లేదు. అదనపు ప్రీమియంతో నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక లాంటి పొరుగు దేశాలకి పొడిగించుకోవచ్చు, ఆఫ్రికాకి కాదు. కాబట్టి ఓడ ప్రయాణానికి మెరైన్ కార్గో పాలసీ వేరే తీసుకోవాలి. అది మీ ఇంటి గేటు నుంచి మొదలయ్యేలా రాయించండి. ఓడెక్కాకే మొదలయ్యే పాలసీ అయితే, తుఫాను వానకి యార్డులో నీళ్లు నిలిచి బండి మునిగినా పైసా రాదు. వాడిన బండ్లకి చాలాసార్లు పూర్తిగా పోతేనే డబ్బు అన్న షరతు పెడతారు, దాన్నీ అడిగి తెలుసుకోండి.

‘జనరల్ యావరేజ్’ అని ఒక పాత సముద్ర ధర్మం ఉంది. ఓడని కాపాడ్డానికి అయిన ఖర్చుని అందులో సరుకున్న అందరూ పంచుకోవాలి, మీ సరుక్కి గీత పడకపోయినా సరే. 2021 మార్చిలో సూయజ్ కాలువకి అడ్డంపడ్డ ఎవర్ గివెన్ విషయంలో ఇలాగే ప్రకటించారు. ఇన్సూరెన్సు ఉన్నవాళ్ల తరఫున కంపెనీ హామీ ఇస్తుంది, లేనివాళ్లు డిపాజిట్ కట్టేదాకా సరుకు వదలరు. ఓడలు మునగడమూ కథల్లో మాట కాదు. 2025 మే నెలలో ఎంఎస్‌సీ ఎల్సా 3 ఆరువందల పైచిలుకు కంటైనర్లతో కొచ్చి దగ్గర మునిగింది. ప్రీమియం దగ్గర పిసినారితనం వద్దు.

ఆఫ్రికా రోడ్ల మీద థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అక్కడే తీసుకోవాలి. కోమెసా యెల్లో కార్డు అనే ఉమ్మడి ఇన్సూరెన్సు కార్డు తీసుకుంటే తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల్లో చాలావాటికి సరిపోతుంది.

స్టఫింగ్ రోజు, అంటే బండిని కంటైనర్లో పెట్టే రోజు

బండిని రెండు రోజుల ముందే కడిగించండి, ఆ పొద్దున్న కాదు. అడుగున, మడ్‌గార్డుల లోపల అరకు ఎర్రమట్టి, భీమిలి ఇసుక మిగలకూడదు. ఆస్ట్రేలియాకి పంపేవాళ్లయితే ఒక్క గడ్డిగింజ కూడా ఉండకూడదు. తడితో లోపలికి వెళ్లిన బండి సీట్లకి బూజు పడుతుంది. పగలు వేడికి, రాత్రి చల్లదనానికి కంటైనర్ పైకప్పు చెమటపట్టి లోపలే వానలా కారుతుంది. తేమ పీల్చే సంచులు కంటైనర్లోనూ, బండి లోపలా వేలాడదీయండి.

ట్యాంకులో పావు వంతుకి మించి డీజిల్ వద్దు, మీ లైను ఇంకా తక్కువ అంటే అంతే. ఇంజన్ ఉన్న బండి సముద్ర నియమాల్లో ప్రమాదకర సరుకు కిందే వస్తుంది, యూఎన్ నంబరు 3166. కాబట్టి కాగితాల్లో మామూలు సామాను అని రాయిస్తే చిక్కు. లోపల నిలిపాక బ్యాటరీ నెగెటివ్ తీసి టేపు చుట్టాలి. ఒక తాళం మీ దగ్గరే ఉంచుకోండి.

సీఎఫ్‌ఎస్‌లో, అంటే కంటైనర్లు నింపే యార్డులో, లాషింగ్ (బండిని పట్టీలతో కట్టడం) చేసేటప్పుడు దగ్గర నిలబడండి. పట్టీలు చక్రాలకో టోయింగ్ హుక్కులకో వెయ్యాలి, బంపరుకి కాదు. బండిని గేరులో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకి ముందూ వెనకా చెక్కదిమ్మలు నేలకి మేకులతో కొట్టించండి. ఆ చెక్క మీద పురుగు లేకుండా శుద్ధి చేశారని చెప్పే ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉందో లేదో చూడండి. బండికీ గోడకీ మధ్య సందు ఎంతో ఉండదు కాబట్టి ఎడమ గోడకి ఆనించి నిలిపితే కుడి తలుపు కాస్త తెరుచుకుంటుంది. సన్నటి డ్రైవర్ని పెట్టుకుంటే ఇంకా మంచిది. తలుపులు మూశాక సీల్ నంబరు కనిపించేలా ఫొటో తియ్యండి, అదే నంబరు బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఉందో లేదో చూడండి. బరువు తూచిన వీజీఎం కాగితం 2016 జూలై నుంచి తప్పనిసరి, అది లేకపోతే కంటైనర్ని ఓడెక్కించరు.

కార్నేలో మన కస్టమ్స్ ఎగుమతి ముద్ర పడిందో లేదో అక్కడే తిప్పి చూసుకోండి. సీహెచ్‌ఏ, అంటే కస్టమ్స్ ఏజెంటు, పంతులుగారిలా అన్నీ ఆయనే చూసుకుంటారులే అనుకోకండి. సొంత బండి తాత్కాలిక ఎగుమతి రోజూ జరిగే పని కాదు. ఇంతకుముందు కార్నే బండి పంపారా అని సూటిగా అడిగి, పంపినవాళ్లనే పెట్టుకోండి.

అక్కడ దిగాక

విశాఖలో ఏజెంటు చెప్పే రేటులో సగం కథే ఉంటుంది. మొంబాసాలో టెర్మినల్ ఛార్జీ, డెలివరీ ఆర్డరు, ఏజెంటు ఫీజు, కంటైనర్లోంచి బండి దింపే ఖర్చు అన్నీ వేరు. అన్నీ రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఎన్ని రోజులు ఉచితమో, తర్వాత రోజుకి పోర్టుకెంత, కంటైనర్‌కెంత అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఓడ మొంబాసాకి చేరిందని నిర్ధారణ అయ్యాకే విమానం ఎక్కండి, తేదీ మార్చుకునే టికెట్ కొనండి. అసలు బిల్ ఆఫ్ లేడింగ్ కొరియర్లో పంపే బదులు టెలెక్స్ రిలీజ్, అంటే అసలు కాగితం లేకుండానే సరుకు వదలమని ఓడ కంపెనీ పంపే సందేశం, తీసుకుంటే ఒక టెన్షన్ తగ్గుతుంది.

బీఎస్6 డీజిల్ బండి 10 పీపీఎం సల్ఫర్ ఇంధనానికి తయారైంది. తూర్పు ఆఫ్రికాలో దొరికే డీజిల్‌లో సల్ఫర్ అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. పెద్ద బంకుల్లోనే కొట్టించండి, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు వెలిగితే పట్టించుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. విశాఖలో పోర్టు హెల్త్ ఆఫీసులో అడగండి. ఆ కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టగలరు.

కార్నేలో ప్రతి దేశానికీ ఒక పేజీ, దాంట్లో లోపలికి వెళ్లిన ముద్ర ఒకటి, బయటికి వచ్చిన ముద్ర ఇంకోటి. సరిహద్దు దగ్గర ఎంత చీకటిపడినా, క్యూ ఎంత పొడుగున్నా రెండోది పడకుండా కదలకండి. అది లేకపోతే బండి ఆ దేశంలోనే అమ్మేశారని లెక్కేసి సుంకం మీ గ్యారంటీలోంచి వసూలు చేస్తారు. తిరిగి విశాఖకి వచ్చాక దిగుమతి ముద్ర వేయించి, పుస్తకాన్ని ముంబైకి పంపండి. వాళ్లు దాన్ని మూసి ఉత్తరం ఇచ్చాకే బ్యాంకు మీ డబ్బు వదులుతుంది.