మార్చి క్లోజింగ్‌కి ముందే ఎక్సెల్ ఫైల్ బరువు దించుకోండి

మార్చి 31తో ఏడాది లెక్కలు మూసెయ్యాలి, అదే క్లోజింగ్. మార్చి వచ్చిందంటే బెంగళూరులో అకౌంట్స్ చూసే మనవాళ్ళకి రెండు టెన్షన్లు: ఉగాదికి ఊరెళ్ళే బస్సులో సీటు, ఆఫీసులో ఎక్సెల్ ఫైలు. ఒక ఏడాది 31వ తేదీ రాత్రి సేవ్ నొక్కాను. 'నాట్ రెస్పాండింగ్' అంటూ స్క్రీనూ తెల్లబోయింది, నేనూ తెల్లబోయాను.

అందుకే బాగుచేసే పని ఏదైనా మార్చి మొదట్లోనే, అదీ కాపీ మీదే చెయ్యండి. చివరి వారంలో ఫార్ములాల జోలికి పోవద్దు.

ముందు ప్రతి షీట్‌లో కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కండి. డేటా నాలుగు వేల వరసలే ఉన్నా కర్సర్ లక్షల్లోకి దూకిందంటే, ఎవరో కిందిదాకా రంగులో గీతలో వేసి వదిలేశారన్నమాట. (షీట్‌లో ఉండేవి 10,48,576 వరసలు, దూకడానికి చోటుకి కొదవలేదు.) ఆ ఖాళీ వరసల్ని సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్‌తో డిలీట్ చేసి సేవ్ చెయ్యండి. కీబోర్డు మీది డిలీట్ కీ నొక్కితే రంగులూ గీతలూ పోవు.

తర్వాత టుడే (ఆ రోజు తేదీ చూపేది), ఆఫ్‌సెట్, ఇన్‌డైరెక్ట్ అనే ఫంక్షన్లు ఫార్ములాల్లో ఎక్కడున్నాయో వెతకండి. ఏ సెల్ మార్చినా ఇవీ, వీటిమీద ఆధారపడ్డవీ మళ్ళీ లెక్కకి దిగుతాయి. రావాల్సిన బాకీల షీట్‌లో టుడే పెట్టడం నా దృష్టిలో నెమ్మదికన్నా పెద్ద తప్పు: ఏప్రిల్ 2న తెరిస్తే ఏ బాకీ ఎన్ని రోజులదన్న లెక్కంతా మారిపోతుంది. 31-03 అని ఒక సెల్‌లో చేత్తో కొట్టి, మిగతావన్నీ దానికే తగిలించండి.

'మాన్యువల్ కాల్క్యులేషన్ పెట్టేయ్' అని పక్క సీటువాళ్ళు చెప్తారు, అంటే మనం చెప్పినప్పుడే ఎక్సెల్ లెక్క కట్టేలా పెట్టడం. వేగం వస్తుంది, నిజమే. కానీ ఆ సెట్టింగ్ ఒక్క ఫైలుతో ఆగదు. ముందు తెరిచిన ఫైలు మాన్యువల్‌లో ఉంటే, దాని వెనక తెరిచినవన్నీ అలాగే నడుస్తాయి. అంకె మారుస్తాం, టోటల్ మాత్రం మారదు. నేనలాగే పాత టోటల్‌ని మెయిల్‌లో కొట్టి పంపి చీవాట్లు తిన్నాను. కింద స్టేటస్ బార్‌లో 'కాల్క్యులేట్' అని కనిపిస్తే ఎఫ్9 నొక్కకుండా ఏ అంకెనీ నమ్మొద్దు.

ఫైలు మరీ పెద్దదైతే ఎక్సెల్ఎస్‌బీ (.xlsb, ఎక్సెల్‌లోని బైనరీ ఫైలు రకం) ఫార్మాట్‌లో సేవ్ చేసి చూడండి, సాధారణంగా సైజు తగ్గి త్వరగా తెరుచుకుంటుంది. ఆడిటర్‌కి పంపేముందు వాళ్ళ దగ్గర తెరుచుకుంటుందో లేదో అడగండి.

ఇంకొకటి: మీ ఎక్సెల్ 32-బిట్టా, 64-బిట్టా చూసుకోండి. 32 అయితే ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉన్నా అది అంతా వాడుకోలేదు. మార్పించుకోవాలంటే ఐటీ వాళ్ళకి ఇప్పుడే టికెట్ పెట్టండి. ఉగాది కన్నడవాళ్ళకీ పండగే, ఆ వారం ఐటీ డిపార్ట్‌మెంట్‌లోనూ సీట్లు ఖాళీ.