ఉద్యోగం చేస్తూ గేట్ రాసి ఎంటెక్ సీఎస్‌లో చేరడం ఎలా?

ఐదారేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాక ఐఐటీలోనో ఎన్‌ఐటీలోనో ఎంటెక్ సీఎస్ చదవాలనుకుంటే దారి ఎక్కువగా గేట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష మీదుగానే. మీ అనుభవానికి అక్కడ ఒక్క మార్కు కూడా రాదు. అది అక్కరకొచ్చేది తర్వాత, రీసెర్చ్ కోర్సుల ఇంటర్వ్యూల్లో.

అందుకే ముందు ఏ కోర్సో తేల్చుకోండి. రెండేళ్ళ ఎంటెక్‌కు చాలాచోట్ల గేట్ స్కోరే చూస్తారు. ఐఐటీ హైదరాబాద్‌లో మూడేళ్ళ ఎంటెక్ ఆర్‌ఏ, ఐఐటీ మద్రాసులో ఎంఎస్ లాంటి రీసెర్చ్ కోర్సులకు స్కోరు పిలుపు వచ్చేదాకే. ఆపైన పరీక్షో ఇంటర్వ్యూనో ఉంటుంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కు పీజీఈఈ అని సొంత పరీక్షే ఉంది. డబ్బు లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి: గేట్ స్కోరుతో చేరిన ఎంటెక్ విద్యార్థికి కేంద్రం ఇచ్చే స్టైపెండ్ నెలకు 12,400 రూపాయలు. ఇంటి లోను ఈఎంఐ దానిలోంచి వెళ్ళదు.

చదువు

దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో తీసుకుంటారు, పరీక్ష ఫిబ్రవరిలో. ఆగస్టు నుంచి రోజుకు 2 గంటలు, శని, ఆదివారాల్లో 5 గంటల చొప్పున కూర్చుంటే వారానికి 20 గంటలు. 26 వారాలకు 520. రిలీజ్ ఉన్న వారాలు ఎలాగూ పోతాయి కాబట్టి 450 అనుకోండి. సరిపోతుంది.

మొదటి రెండు నెలలు డిస్క్రీట్ మ్యాథ్స్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, థియరీ ఆఫ్ కంప్యుటేషన్‌కే ఇవ్వండి. ఉద్యోగంలో పూర్తిగా తుప్పు పట్టేవి ఇవే. డీబీఎంఎస్, నెట్‌వర్క్స్ "మనకు రోజూ పనే కదా" అని వదిలేయడం పొరపాటు. ఆఫీసులో క్వెరీ రాస్తే చాలు. పరీక్షలో నార్మల్ ఫారాలు, బీ ప్లస్ ట్రీ నోడ్‌లో ఎన్ని కీలు పడతాయో లెక్కగట్టాలి.

పేపరు

3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు ఆప్టిట్యూడ్‌వి. ఒకే జవాబున్న ప్రశ్న తప్పయితే మార్కులో మూడో వంతు పోతుంది. రెండు మార్కులదైతే మూడింట రెండు మార్కులు. అంకె టైపు చేసే ప్రశ్నలకు నెగటివ్ లేదు కానీ, ఆప్షన్లూ లేవు. ఇది చూడండి:

క్యాష్‌లో (ప్రాసెసర్ దగ్గరుండే వేగమైన మెమరీలో) దొరికితే 2 నానోసెకన్లు, హిట్ రేటు 95 శాతం, మిస్ పెనాల్టీ (దొరకనప్పుడు అదనంగా పట్టే సమయం) 100. సగటు: 2 + 0.05 × 100 = 7. అదే ప్రశ్నలో "మిస్ అయినప్పుడు మొత్తం 100 పడుతుంది" అని ఉంటే 0.95 × 2 + 0.05 × 100 = 6.9. సూత్రం రెండింటికీ తెలిసే ఉంటుంది, మార్కు పోయేది ఆ ఒక్క మాట చదవకపోవడం వల్ల. చివరి 8 వారాలు పాత పేపర్లు గడియారం పెట్టుకుని, మౌస్‌తో నొక్కే తెరమీది క్యాలిక్యులేటర్‌తోనే చేయండి. ఫోన్ క్యాలిక్యులేటర్ అలవాటు హాల్లో ఏడిపిస్తుంది.

ఫలితాలు మార్చిలో వస్తాయి. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది.

సీటు

కోయాప్ అనే ఉమ్మడి ఆఫర్ల పోర్టల్‌లో రిజిస్టరైతే ఐఐటీలకు దరఖాస్తు చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. కాదు. ప్రతి ఐఐటీకీ విడిగా పెట్టాలి, కోయాప్‌లో వచ్చిన ఆఫర్‌కు బదులు మాత్రమే చెప్తాం. ఎన్‌ఐటీ వరంగల్ లాంటివాటికి సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ వేరు. కోయాప్‌లో "రిజెక్ట్ అండ్ వెయిట్" నొక్కితే ఆ ఆఫర్ పోయినట్టే. అంతకంటే మంచిది రావచ్చనిపిస్తే "రిటైన్ అండ్ వెయిట్" నొక్కండి.

ఇక నోటీస్ పీరియడ్. ఆఫర్లు మే, జూన్‌లలో వస్తాయి, క్లాసులు జులై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో మొదలవుతాయి. 90 రోజుల నోటీసున్నవాళ్ళకు ఈ లెక్క కుదరదు. బై‌అవుట్ (మిగిలిన నోటీసు రోజులకు డబ్బు కట్టి వెళ్ళిపోవడం) ఒప్పుకుంటారా, ఎంత కట్టాలి అనేది కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్ తీసి మార్చిలోనే చూసుకోండి. రిలీవింగ్ లెటర్ లేకుండా వెళ్ళిపోతే రెండేళ్ళ తర్వాత ప్లేస్‌మెంట్ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తగులుకుంటుంది.

కాగితాలు

సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఇంట్లో ఉన్నాయో లేదో ఇప్పుడే బీరువా తీసి చూడండి. ఓడీ తీసుకోనివాళ్ళు యూనివర్సిటీకి వెంటనే దరఖాస్తు పెట్టాలి. రిజర్వేషన్ ఉంటే, రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ ఇక్కడ పనిచేయదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కావాలి. ఈడబ్ల్యూఎస్‌కు కుటుంబ ఆదాయ పరిమితి 8 లక్షలు, అందులో మీ జీతం కూడా కలుస్తుంది.