మన ఆట మనమే చేద్దాం – 4వ పాఠం: కొలిమి

పోయిన పాఠంలో మన రోల్ ప్లేయింగ్ గేమ్ (ఆటగాడు ఒక పాత్రగా మారి ఆడే ఆట) కోసం కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాలను మ్యాప్‌గా గీసుకున్నాం కదా, ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఈ వారం క్రాఫ్టింగ్. ఆటగాడు తెచ్చుకున్న సరుకుతో తన వస్తువు తనే చేసుకోవడం.

ఒక కొడవలి తీసుకుందాం. అంగట్లో దొరికితే నాణేలిచ్చి కొంటాడు, మరిచిపోతాడు. కొలిమిలో చేసుకోవాలంటే ఇనుము, బొగ్గు, పిడికి కట్టె కావాలి. బొగ్గుకు వంక గట్టున సీమతుమ్మ కొట్టాలి. పిడికి నల్లతుమ్మ గట్టిది, దాన్ని చెరువు అవతల పెట్టండి. ఇనుమంటారా, సంతలో పాత ఎద్దులబండి చక్రం పట్టా ఉంటుంది. కొడవలి చేతికొచ్చేసరికి ఆటగాడికి మూడు తావులూ తెలిసిపోతాయి. క్రాఫ్టింగ్ నాకు ఇష్టం అందుకే. మ్యాప్‌లో ఉత్తగా పడున్న మూలకు కూడా అది ఒక పని పుట్టిస్తుంది.

సరుకులు మూడు నాలుగు చాలు. నా మొదటి ఆటలో ఒక ఈటెకు తొమ్మిది పెట్టినాను. మా తమ్ముడి కొడుకు కాసేపు ఆడి, "ఏది దేనికో గ్యాపకం ఉండల్యా పెద్దనాయనా" అని ఫోన్ నా చేతికిచ్చేసినాడు. ఆ రాత్రే ఐదు కొట్టేసినాను.

ఇక వజ్రం. తొలకరి పడితే జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో జనం వంగి వెతుకుతుంటారు. వాన మట్టిని కడిగితే రాయి పైకి తేలుతుంది, అది కంటబడాలి, అంతే. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌లో అట్లా కుదరదు. 3 ఇనుప కడ్డీలు, 2 పుల్లలతో చేసిన పికాసు ఉండాలి. రాతి పికాసుతో ఎంత కొట్టినా వజ్రం రాదు. ఆ ఇనుము తవ్వడానికి రాతి పికాసు, ఆ రాయికి చెక్క పికాసు. చేలో దొరికేది అదృష్టం, ఇక్కడ దొరికేది మెట్టు మెట్టుగా పడిన కష్టం. మన ఆటకు మెట్లే పెడదాం. వాన కురిసిన మరుసటి పొద్దున మాత్రం ఒక్క రాయి చేలో మెరవనిద్దాం, అది మన సీమ గుర్తు.

ఒక జాగ్రత్త. 2011లో వచ్చిన స్కైరిమ్ అనే రోల్ ప్లేయింగ్ గేమ్‌లో ఒక ఇనుప కడ్డీ, ఒక తోలు పట్టీ ఉంటే బాకు తయారు. ఏ వస్తువు చేసినా నైపుణ్యం పెరిగేది కాబట్టి జనం కొలిమి దగ్గరే నిలబడి వందల బాకులు చేసినారు. తర్వాత ఒక అప్‌డేట్‌లో వస్తువు విలువను బట్టి పెరిగేట్టు మార్చినారు. మీరు ఆ లెక్క మొదటే రాసుకోండి.

ఇంటిపని: ఒక వస్తువు, దానికి మూడు సరుకులు, ఒక్కోదాని పక్కన తావు పేరు రాయండి. రెండు ఒకే తావులో పడితే ఒకదాన్ని జరపండి. తర్వాత మ్యాప్ మీద ఇంట్లో ఎవరి చేతనైనా వేలు పెట్టి నడిపించండి. వేలు ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తుందో అక్కడ గీత పెట్టుకోండి. 5వ పాఠంలో మొద్దుబారిన కొడవలికి సాన పడదాం.