కీబోర్డును చెవితో నేర్చుకుందాం – 4వ పాఠం: కచేరీలో ఎడమ చేయి

గత పాఠంలో రికార్డింగు వింటూ కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) ఎక్కడ మారుతున్నాయో గుర్తుపట్టడం సాధన చేశాం. ఈ పాఠానికి ఇల్లు చాలదు. ఇద్దరు ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకొని, కీబోర్డు కళాకారుడే నాయకుడుగా ఉన్న బ్యాండు కచేరీకి ఒక సాయంత్రం వెళ్ళవలసి ఉంటుంది. కేరళకు చెందిన స్టీఫెన్ దేవస్సీని, ఆయన సాలిడ్ బ్యాండును ఉదాహరణగా తీసుకుందాం. గిటారులా భుజాన తగిలించుకొని వాయించే కీటార్‌ను ఆయన వేదికపై విరివిగా వాడుతారు కనుక, ఈ పాఠంలో చెప్పదలచిన అంశం ఆయన కచేరీలో కంటికీ చెవికీ ఒకేసారి దొరుకుతుంది.

వేదికకు ఆనుకొని నిలబడాలని ఎవరికైనా ఉబలాటంగానే ఉంటుంది. అయితే డ్రమ్సుకు ఉన్నట్టుగా కీబోర్డుకు తనదైన చప్పుడు ఉండదు. దాని ధ్వని కేబుల్ గుండా, అన్ని వాద్యాల ధ్వనులను కలిపే మిక్సర్‌కు వెళ్ళి, అక్కడి నుంచి ఇరువైపులా ఉన్న పెద్ద స్పీకర్ల ద్వారా సభకు చేరుతుంది. మరీ ముందు నిలబడినవారికి డ్రమ్సు హోరులో కీబోర్డు పలచబడిపోతుంది. సౌండ్ ఇంజనీరు మిక్సర్ పెట్టుకున్న చోటుకు దగ్గరగా నిలబడితే, ఆయన ఏది విని సరిచేస్తున్నారో దాదాపు అదే మీకూ వినిపిస్తుంది.

మొదటి పాటలో కుడి చేతిని పట్టించుకోకండి. వేళ్ళ పరుగు చూసి అబ్బురపడడానికి సభలో మిగతావాళ్ళంతా ఉన్నారు. ఒంటరిగా పియానో వాయించేటప్పుడు మంద్రస్థాయి బాధ్యత ఎడమ చేతిదే. బ్యాండులో బేస్ గిటారు ఉంటే ఆ పని దానికి అప్పగించి, ఎడమ చేయి మధ్యస్థాయికి జరగాలి. నాలుగు తీగల బేస్ గిటారులో అన్నిటికంటే లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ వద్ద మోగుతుంది. ఆ దరిదాపుల్లోనే కీబోర్డు కూడా నిండు కార్డులు పట్టుకుంటే రెండూ కలిసి ఏ స్వరమూ తేటగా వినిపించదు. బేస్ వాద్యకారుడు లేని బ్యాండులో లెక్క వేరు: 1960ల నాటి అమెరికన్ బృందం ది డోర్స్ కచేరీలలో రే మంజారెక్ ఎడమ చేత్తో ఫెండర్ రోడ్స్ పియానో బేస్‌ను, కుడి చేత్తో ఆర్గాన్‌ను వాయించేవారు. కనుక వేదికపై బేస్ గిటారు ఉందో లేదో ముందుగా చూసుకోండి.

కీటార్ భుజానికెక్కడమే ఈ పాఠంలో అసలు ఘట్టం. అప్పుడు ఎడమ చేయి మీటలను వదిలి కీటార్ మెడ మీదికి చేరుతుంది. స్వరాన్ని వంచే చక్రమో, వేలితో రాసే పట్టీయో అక్కడ ఉంటుంది. మీటలతో మాత్రమే వాయిస్తే ఒక స్వరం నుంచి మరో స్వరానికి దూకడమే తప్ప జారడం కుదరదు; గమకానికి అలవాటు పడిన మన చెవికి ఆ లోటు ఇట్టే తెలుస్తుంది. సాధారణ అమరికలో ఈ వంపు పైకి రెండు, కిందికి రెండు అర్ధస్వరాల మేర ఉంటుంది. ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి సంకేతాలు పంచుకోవడానికి 1983లో వచ్చిన మిడి ప్రమాణంలో మీట నొక్కిన వేగానికి 128 అంచెలే ఉండగా, స్వరపు వంపునకు 16,384 అంచెలు కేటాయించారు. అంచెలు తక్కువైతే జారుడు కాస్తా గంతులుగా వినిపిస్తుంది.

గమకం దక్కింది సరే, కార్డులు పట్టుకునే చేయి పోయింది. ఆ ఖాళీని గిటారు పూరించిందా, మరో కీబోర్డు పూరించిందా, లేక ముందే సిద్ధం చేసిన ట్రాకు నడుస్తోందా అన్నది మీరు పట్టుకోవాలి. చాలామంది నాయకుడి సోలో విని చప్పట్లు కొడతారు గానీ, ఆ సోలో నిలబడడానికి అడుగున ఎవరు కాపు కాస్తున్నారో గమనించరు. నా దృష్టిలో బ్యాండు సత్తా తెలిసేది అక్కడే.

స్టీఫెన్ దేవస్సీ, కేరళ తాళవాద్యమైన చెండ విద్వాంసులు మట్టన్నూర్ శంకరన్‌కుట్టితో కలిసి చేసిన జుగల్‌బందీలు ప్రసిద్ధమైనవి. అలాంటి సంవాదంలో చెండ రాగం పలకదు, లయనే ప్రశ్నగా వేస్తుంది. కీబోర్డు ముందు ఆ లయను తు.చ. తప్పకుండా తిరిగి చెప్పి, ఆ తర్వాతే స్వరాలతో అలంకరిస్తే జవాబు కుదిరినట్టు. కర్ణాటక కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలో, వంతులవారీగా సాగే కొరైప్పు విన్నవారికి, మాటలు పొట్టివవుతూ వాద్యాలు దగ్గరపడే ఆ తీరు కొత్తగా అనిపించదు.

అభ్యాసం: పని పంచుకోండి. ఒకరు బేస్‌ను, ఒకరు కాలితో మోగించే కిక్ డ్రమ్‌ను, ఒకరు కీబోర్డు ఎడమ చేతిని మాత్రమే వినాలి. పాట అయ్యాక, కీటార్ అందుకోగానే తమ వాద్యంలో ఏం మారిందో ఒక్కొక్కరు ఒక్క వాక్యంలో చెప్పాలి. తర్వాతి పాటకు వాద్యాలు మార్చుకోవాలి. 5వ పాఠంలో, మీట వదిలినా స్వరం మోగుతూ ఉండేలా చేసే సస్టెయిన్ పెడల్‌ను తీసుకుందాం.