బైపోలార్‌లో మందు ఎంపిక: ప్రిస్క్రిప్షన్ రాసేముందు చూడాల్సినవి

బైపోలార్ అంటే మనసు ఒకప్పుడు విపరీతమైన ఉత్సాహం, ఉద్రేకంలోకి (మేనియా), మరొకప్పుడు లోతైన దిగులులోకి (డిప్రెషన్) వెళ్లే జబ్బు. మేనియాను దించే మందులు చాలానే ఉన్నాయి. వాటిలో దేన్ని ఈ మనిషి ఏళ్ల తరబడి మింగగలరన్నదే అసలు చిక్కు. ఒళ్లు వచ్చేస్తోందనో, పొద్దున లేవలేకపోతున్నాననో ఆరు నెలలకు మానేస్తే, మొదటి వారంలో ఎంత బాగా పనిచేసిన మందైనా వృథాయే. కాబట్టి మొదటి ప్రిస్క్రిప్షన్ నాడే దీర్ఘకాలం సంగతి ఆలోచించాలి. ఇది సైకియాట్రీలో శిక్షణ పొందుతున్నవారికీ, ఇలాంటి రోగులు ఎదురయ్యే జనరల్ డాక్టర్లకూ ఉద్దేశించినది. ఇంట్లోవాళ్లు చదివితే డాక్టరును ఏం అడగాలో తెలుస్తుంది. డోసులు సొంతంగా మార్చుకోవడానికి మాత్రం దీన్ని వాడొద్దు.

ముందుగా, రోగి ఇప్పుడు ఏ దశలో ఉన్నారో తేల్చుకోండి: మేనియా, డిప్రెషన్, రెండూ కలగలిసిన మిశ్రమ దశ, లేదా కుదుటపడిన దశ. తర్వాత పాత చరిత్ర తీయండి. ఇన్నేళ్లలో మేనియాలు ఎక్కువా, డిప్రెషన్లు ఎక్కువా? ఏ మందు, ఎంత డోసు, ఎన్నాళ్లు వాడారు, ఎందుకు ఆపారు? ఉదాహరణకు లిథియం, అంటే మనసును నిలకడగా ఉంచే మందు (మూడ్ స్టెబిలైజర్). "లిథియం పనిచేయలేదండీ" అన్న మాట దగ్గరే ఆగిపోవద్దు. అప్పట్లో రక్తంలో లిథియం స్థాయి చూశారా, వారాలపాటు మానకుండా వేసుకున్నారా అని ఆరా తీస్తే, చాలాసార్లు ఆ మందుకు సరైన అవకాశమే దొరకలేదని తేలుతుంది. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా లిథియం బాగా పనిచేసి ఉంటే అది మంచి సూచన. స్టెరాయిడ్లు, థైరాయిడ్ ఎక్కువవడం, మత్తుపదార్థాలు, ఈమధ్య మొదలుపెట్టిన యాంటీడిప్రెసెంట్ వంటివేవైనా మేనియాను రేపాయేమో కూడా ఇప్పుడే చూడాలి.

ఆ పైన రోగి శరీరాన్ని బట్టి జాబితా కుదించుకోవాలి. గర్భం వచ్చే అవకాశం ఉన్న మహిళ అయితే వాల్ప్రోయేట్ అనే మూడ్ స్టెబిలైజర్‌ను మొదటే కొట్టేయండి. గర్భంలో దాని ప్రభావానికి లోనైన పిల్లల్లో దాదాపు 10 శాతం మందికి పుట్టుకతో పెద్ద లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదల సమస్యలు వస్తాయి. వెన్నుపాము లోపాలు గర్భం సంగతి తెలిసేలోపే ఏర్పడిపోతాయి కాబట్టి, "గర్భం వస్తే అప్పుడు ఆపుదాం" అన్న ఆలోచన ఇక్కడ పనికిరాదు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి లిథియం, లివర్ జబ్బు ఉన్నవారికి వాల్ప్రోయేట్, షుగర్ లేదా ఊబకాయం ఉన్నవారికి ఒలాంజపిన్ అనే యాంటీసైకోటిక్ (ఉద్రేకాన్ని, భ్రమలను తగ్గించే మందు) వద్దు. కార్బమాజెపిన్ (ఇదీ మూడ్ స్టెబిలైజరే) ఇద్దామనుకుంటే, ఆసియా మూలాలవారికి ముందు హెచ్ఎల్ఏ-బీ 1502 జన్యు పరీక్ష చేయించాలి. ఆ జన్యు రకం ఉన్నవారిలో ప్రాణాంతకమైన దద్దుర్లు రావచ్చు. పైగా ఈ మందు ఇతర మందులను లివర్‌లో త్వరగా కరిగించేస్తుంది, గర్భనిరోధక మాత్రలను కూడా. అందుకే ఇది మొదటి వరస మందు కాదు.

తీవ్రమైన మేనియాలో మొదటి పని, యాంటీడిప్రెసెంట్ నడుస్తుంటే ఆపడం. లిథియం పట్టుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అంతదాకా ఆగలేం కనుక యాంటీసైకోటిక్ జోడిస్తారు: ఒలాంజపిన్ 10 నుంచి 15 మి.గ్రా., లేదా రిస్పెరిడోన్ 2 నుంచి 6 మి.గ్రా., లేదా క్వెటియాపిన్‌ను నాలుగు రోజుల్లో 400 మి.గ్రా.కు తీసుకెళ్లడం. తీవ్రత ఎక్కువైతే ఈ జోడీ ఒంటరి మందుకన్నా బాగా పనిచేస్తుంది. నిద్రకు లొరాజెపామ్ ఇచ్చినా కొద్ది రోజులకే పరిమితం చేసి, ఆపే తేదీ ప్రిస్క్రిప్షన్‌లోనే రాయండి. రాయకపోతే అది ఏళ్లు సాగుతుంది.

డిప్రెషన్ దశలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. బైపోలార్-1లో (పూర్తిస్థాయి మేనియా వచ్చే రకంలో) యాంటీడిప్రెసెంట్‌ను ఒంటరిగా ఇవ్వకూడదు. వెన్లాఫాక్సిన్, ట్రైసైక్లిక్ మందులతో మేనియాలోకి తిరగబడే ప్రమాదం మరీ ఎక్కువ. క్వెటియాపిన్ రాత్రిపూట 50, 100, 200, 300 మి.గ్రా. చొప్పున నాలుగు రోజుల్లో పెంచవచ్చు. డిప్రెషన్‌కు 300 చాలు, 600తో అదనపు లాభం కనిపించలేదు. లురాసిడోన్ బరువు పెద్దగా పెంచదు. కానీ కనీసం 350 కేలరీల భోజనంతో వేసుకోకపోతే సరిగా ఒంటికి పట్టదు. "లురాసిడోన్ పనిచేయలేదు" అన్నవారిని ముందు ఇదే అడగండి. మేనియాకు బాగా పనికొచ్చే అరిపిప్రజోల్ బైపోలార్ డిప్రెషన్ పరీక్షల్లో నిలబడలేదు.

లామోట్రిజిన్ తర్వాతి డిప్రెషన్లను ఆపడానికి మంచిది, మేనియాను దించడానికి పనికిరాదు. దీన్ని తొందరపడి పెంచకూడదు: 25 మి.గ్రా. రెండు వారాలు, 50 రెండు వారాలు, 100 ఒక వారం, తర్వాత 200. వాల్ప్రోయేట్ కూడా నడుస్తుంటే ఇదంతా సగం, అంటే మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు 25. తొందరపడితే చర్మం ఊడే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ రావచ్చు, మొదటి ఎనిమిది వారాలు ఆ భయం ఎక్కువ. దద్దుర్లకు తోడు జ్వరం, నోటిపూత, కళ్ల మంట ఉంటే మందు వెంటనే ఆపి ఆసుపత్రికి రమ్మనాలి. అయిదు రోజులకు మించి మానేసినవారు పాత డోసుతో మొదలుపెట్టకూడదు, మళ్లీ 25 నుంచే. ఈ మాట రోగికి కాగితం మీద రాసివ్వండి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు దీని స్థాయిని దాదాపు సగానికి తగ్గిస్తాయన్నది చాలామంది మరిచిపోయే సంగతి.

ఏ అడ్డంకీ లేకపోతే దీర్ఘకాలానికి లిథియమే మొదటి ఎంపిక కావాలి. 1949లో మేనియాలో దీని ప్రభావం బయటపడింది. ఆత్మహత్యలను తగ్గించడంలో దీనికున్నంత ఆధారం తక్కిన మూడ్ స్టెబిలైజర్లకు లేదు. రక్తపరీక్షల బెడద వల్ల దీన్ని తప్పించుకునే డాక్టర్లు ఎక్కువ. అది సరైన కారణం కాదు. మొదలుపెట్టేముందు క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ పరీక్షలు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాల్షియం, బరువు, అవసరమైతే గర్భపరీక్ష, గుండె జబ్బు అనుమానముంటే ఈసీజీ చూడాలి. రోజుకు 600 నుంచి 900 మి.గ్రా.తో మొదలుపెట్టి, వయసు పైబడినవారికి ఇంకా తక్కువతో, వారం తర్వాత స్థాయి చూడాలి. డోసు మార్చిన ప్రతిసారీ ఇదే. నిర్వహణకు (కుదుటపడ్డాక జబ్బు తిరగబెట్టకుండా) లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్, మేనియాలో 0.8 నుంచి 1.0 లక్ష్యం. స్థిరపడ్డాక ఆరు నెలలకోసారి స్థాయి, కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం చూస్తే చాలు.

రక్తం తీసే సమయం ముఖ్యం: చివరి మాత్రకు సరిగ్గా 12 గంటల తర్వాత. పొద్దున మాత్ర వేసుకుని వచ్చి రక్తమిస్తే అంకె ఎక్కువ కనిపిస్తుంది. లిథియం హెపారిన్ పూసిన ఆకుపచ్చ మూత గొట్టంలో తీసినా అంతే. గొట్టంలోని లిథియం కూడా లెక్కలో కలుస్తుంది. రోగి బాగానే ఉండి అంకె మాత్రం బెదరగొడితే, డోసు తగ్గించేముందు ల్యాబ్‌కు ఫోన్ చేసి ఏ గొట్టం వాడారో కనుక్కోండి.

స్థాయి నిజంగా పెరిగిందంటే సాధారణంగా కారణం ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, బీపీకి వాడే థయజైడ్లు, ఏసీఈ ఇన్‌హిబిటర్లు, ఏఆర్‌బీలు, లేదా వాంతులు, విరేచనాలు, ఉన్నట్టుండి ఉప్పు మానేయడం. వేళ్లు సన్నగా వణకడం మామూలే. చేతులు పెద్దగా ఊగడం, మాట ముద్దగా రావడం, తూలుతూ నడవడం విషప్రభావానికి గుర్తులు. వెంటనే మందు ఆపి స్థాయి చూడాలి. జ్వరమో విరేచనాలో వస్తే మాత్రలు తాత్కాలికంగా ఆపి ఫోన్ చేయమని ముందే చెప్పి ఉంచండి.

యాంటీసైకోటిక్ మీద ఉన్నవారికి మొదట్లో, మూడు నెలలకు, తర్వాత ఏడాదికోసారి నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్, కొవ్వు పరీక్షలు చేయాలి. బరువును ఇంకా తరచుగా చూడాలి, ఎందుకంటే పెరిగేది ఎక్కువగా మొదటి వారాల్లోనే.

మేనియాలో రెండు వారాలకు, డిప్రెషన్‌లో నాలుగు నుంచి ఆరు వారాలకు తేడా లేకపోతే, ముందు మాత్రలు వేసుకుంటున్నారా, డోసు సరిపోయిందా అని చూడండి. ఆ తర్వాతే మార్పు. మార్చేటప్పుడు కొత్తది పట్టుకునేదాకా పాతదాన్ని కొంతకాలం కొనసాగించి మెల్లగా తీసేయాలి. లిథియం ఆపాల్సివస్తే కనీసం నాలుగు వారాలు, కుదిరితే మూడు నెలలు తీసుకుని తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే మేనియా త్వరగా తిరగబెడుతుంది. నెమ్మదిగా తగ్గించడం కుదరని ఒకే సందర్భం విషప్రభావం. అప్పుడు ఆపేసి, మేనియాకు వేరే మందు వెంటనే సిద్ధం చేసుకోవాలి.