మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు ఎలా వెతకాలి (అమెరికాలో ఉన్నవాళ్ల కోసం)

ఈ హాబీ గురించి ఇంటికి ఫోన్ చేసి చెబితే అటునుంచి వచ్చే మొదటి ప్రశ్న "లంకెబిందెలేమన్నా దొరికాయా?" అనే. లంకెబిందెలు దొరకవండి. దొరికేది చిల్లర, ఇత్తడి బొత్తాలు, తాళంచెవులు, ఖాళీ తూటాలు, ఎప్పుడో ఒకసారి వెండి డైమ్ (పది సెంట్ల నాణెం). అయినా వందేళ్ల కిందట ఎవరో జేబులోంచి జారవిడుచుకున్న నాణెం, ఆ తర్వాత ఇంకెవరి చెయ్యీ తగలనిది, మట్టిలోంచి మీ చేతికి వచ్చినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. నాకు ఆరేళ్లుగా ప్రతిసారీ అంతే. ఉండేది ఒహాయోలో కాబట్టి ఇక్కడి అనుభవమే రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే ఇందులో తప్పు చేస్తే డిటెక్టర్ పోవడంతో ఆగదు, కేసు కూడా అవుతుంది. నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడటమే కాదు, బయటికి తీసి పట్టుకుని తిరగడం కూడా నిషేధం. గెటిస్‌బర్గ్ లాంటి సివిల్ వార్ యుద్ధభూములు కూడా ఇందులోకే వస్తాయి. ఫెడరల్ భూముల్లో, ఆదివాసీ తెగల భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువులను పర్మిట్ లేకుండా తవ్వితే 1979 నాటి చట్టం ప్రకారం నేరం. స్టేట్ పార్కులకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు, ఊరి పార్కులకు ఆ ఊరి రూలు. పార్క్స్ డిపార్ట్‌మెంట్‌కు ఒక ఫోన్ చేసి అడగండి, కొన్నిచోట్ల పర్మిట్ కాగితం ఇస్తారు, కొన్నిచోట్ల కుదరదంటారు, కుదరదంటే వదిలేయండి. పాడుబడ్డ ఇల్లు కదా, అడిగేవాళ్లెవరు అని మాత్రం అనుకోవద్దు. ఇల్లు కూలిపోయినా ఆ స్థలానికి యజమాని ఉంటాడు.

సెలవులకు ఇండియాకు, ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసులో డిటెక్టర్ కూడా పెట్టుకుందామనుకునేవాళ్లకు నా మాట: వద్దు. భూమిలో పాతి ఉన్న, పది రూపాయలు దాటిన నిధి ఏది దొరికినా కలెక్టర్‌కు తెలపాలని 1878 నుంచీ చట్టం ఉంది, పురావస్తువుల మీద 1972 చట్టం వేరే ఉంది. చట్టం ఒక్కటే కాదు. తెలంగాణలోని కోటిలింగాలలో బయటపడ్డ నాణేలు తొలి శాతవాహనుల చరిత్రకు ఎంత పెద్ద ఆధారమో చూడండి. అలాంటి నాణెం ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలియకుండా పీకేస్తే మిగిలేది రాగి ముక్కే.

ఇక చోటు ఎంచుకోవడం. సగం పని ఇక్కడే అయిపోతుంది, కొత్తవాళ్లు దాటేసేదీ ఇదే. నాణేలు పార్కంతా సమానంగా పడవు. మనుషులు కూర్చున్న చోట, వంగిన చోట, జేబులో చెయ్యి పెట్టిన చోట పడతాయి. అందుకని పార్కులో అడుగుపెట్టగానే మిషను ఆన్ చేయకుండా కాసేపు నిలబడి చూడండి: పాత బ్యాండ్‌స్టాండ్ ఎక్కడుండేది, పెద్ద చెట్ల నీడ ఎటు పడుతుంది, బేస్‌బాల్ చూసేవాళ్లు ఎక్కడ కూర్చునేవాళ్లు, మంచు పడినప్పుడు పిల్లలు జారుడుబండ ఆడే వాలు ఏది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్లో శాన్‌బోర్న్ మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి. అగ్నిప్రమాద బీమా కోసం గీసినవి కాబట్టి ఊళ్లో ఏ ఇల్లు చెక్కది, ఏది ఇటుకది అన్నది కూడా వాటిలో ఉంటుంది. పల్లె ప్రాంతమైతే యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) గీసిన పాత టోపో మ్యాపులు తెరిచి ఇప్పటి శాటిలైట్ ఫొటో పక్కన పెట్టుకోండి. పాత మ్యాపులో చిన్న నల్ల చదరం ఉండి, ఫొటోలో ఒట్టి మొక్కజొన్న చేను కనిపిస్తే అక్కడ ఒకప్పుడు ఇల్లుండేదన్నమాట.

మన ఊళ్లలో పాటిదిబ్బను పెంకులు చూసి గుర్తుపట్టినట్టే ఇక్కడ పాత ఇంటిస్థలాన్ని పూలు చూసి గుర్తుపట్టొచ్చు. అడవి మధ్యలో వసంతంలో పసుప్పచ్చ డాఫొడిల్స్ వరసగా పూశాయంటే వాటిని ఎవరో ఒకావిడ తన వాకిట్లో నాటుకుందని అర్థం. లైలాక్ పొదలు, బావి గట్టు, పునాది రాళ్లు కూడా అంతే. అలాంటి చోట ముందు వరండా ఉండే జాగా నుంచి రోడ్డు దాకా, తర్వాత బట్టలారేసే తీగ ఉన్న వైపు వెతకండి.

యజమాని దగ్గరికి వెళ్లడానికి మనవాళ్లకు టెన్షన్ ఎక్కువ, నాకూ ఉండేది. పగటిపూట వెళ్లండి, డిటెక్టర్ కారులోనే ఉంచండి, ఎక్కడ తవ్వుతారో, గుంత ఎలా పూడుస్తారో, దొరికింది ఎలా పంచుకుంటారో ముందే చెప్పి నాలుగు ముక్కలు కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. వాళ్ల తాతల పేర్లున్న వస్తువేదైనా దొరికితే అది వాళ్లదే అని నేను మొదటే చెప్పేస్తాను. కాదన్నవాళ్లు తక్కువ.

మిషను విషయానికొస్తే మొదట్లో ఖరీదైనది అక్కర్లేదు. గ్యారెట్ ఏస్, నోక్టా సింప్లెక్స్, మైన్‌ల్యాబ్ వాంక్విష్, వీటిలో ఏదైనా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో మంచి పిన్‌పాయింటర్ (గుంతలో నాణెం సరిగ్గా ఎక్కడుందో చూపే చిన్న చేతి డిటెక్టర్) కొనండి. అది లేకపోతే ప్రతి గుంతా రెట్టింపు పెద్దదవుతుంది, టైమూ పోతుంది. ఒకపక్క పళ్లున్న తవ్వుడు కత్తి, హెడ్‌ఫోన్స్, పాత తువ్వాలు, చెత్త వేసుకోవడానికి సంచి ఉంటే చాలు.

మిషను కింద చివర ఉండే గుండ్రటి పళ్లెం లాంటి కాయిల్ మట్టిలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, కింద లోహముంటే అందులో చిన్న కరెంటు పుడుతుంది, మిషను దాన్ని పసిగట్టి ఒక నంబరు చూపిస్తుంది. వెండికి, రాగికి పెద్ద నంబరు, ఇనుముకు చిన్నది. చిక్కల్లా మధ్యలోనే. కూల్‌డ్రింక్ డబ్బాల పుల్ ట్యాబ్‌లు, నికెల్ (ఐదు సెంట్ల) నాణేలు, బంగారు ఉంగరాలు దాదాపు ఒకే నంబర్లలో మోగుతాయి. చెత్త వద్దని ఆ నంబర్లు మోగకుండా మిషన్లో ఆపేస్తే ఉంగరం కూడా పోయినట్టే. మొదటి వారం పెరట్లో పెన్నీ, నికెల్, డైమ్, క్వార్టర్, ఒక మేకు విడివిడిగా పెట్టి ఒక్కోదాని శబ్దం చెవికి అలవాటు చేసుకోండి. నంబరు కన్నా చెవి నమ్మకమైనది. అటు నుంచి ఊపినా ఇటు నుంచి ఊపినా ఒకేలా, గుండ్రంగా మోగితే తవ్వండి. ఒకవైపే మోగి ఇంకోవైపు కరకరలాడితే చాలావరకు మేకే.

కాయిల్‌ను నేలకు ఆనించినంత దగ్గరగా, సమాంతరంగా, నెమ్మదిగా ఊపాలి. ఊపు చివర్లలో చెయ్యి పైకి లేపేయడం అందరూ చేసే తప్పు. ఒక ఊపు మీద ఇంకోటి సగం కమ్మాలి. పాత ఇంటిస్థలాల్లో మేకులు గింజలు చల్లినట్టుంటాయి, అక్కడ చిన్న కాయిల్ పెట్టి ఇంకా నెమ్మదించాలి. అక్కడ చదరపు మేకులు పడుతుంటే సంతోషించండి. గుండ్రటి వైరు మేకులు ఎక్కువైంది 1890ల నుంచే, అంటే ఆ ఇల్లు అంతకన్నా పాతదై ఉండొచ్చు.

తవ్వడం శ్రద్ధగా నేర్చుకోండి. కాయిల్‌ను ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా ఊపి శబ్దం గట్టిగా వచ్చే చోటు గుర్తుపట్టండి. గడ్డిని మూడువైపులా కోసి నాలుగో వైపు వేళ్లు తెగకుండా మూత తెరిచినట్టు తిప్పండి. మట్టి తువ్వాలు మీదే పోయండి, పిన్‌పాయింటర్‌తో వెతకండి, అయ్యాక మట్టంతా తిరిగి పోసి, మూత మూసి, కాలితో అదమండి. వాన పడిన రెండో రోజు అన్నిటికన్నా మంచిది. ఎండలు మండే జులైలో గడ్డి కోయొద్దు, ఎంత బాగా మూసినా చచ్చిపోతుంది, పచ్చటి పార్కులో గోధుమరంగు మచ్చలు చూసి ఊరివాళ్లు డిటెక్టర్లనే నిషేధిస్తారు. దొరికిన చెత్త కూడా మీరే తీసుకెళ్లండి.

నాణెం కనిపించగానే బొటనవేలితో రుద్దొద్దు. నా మొదటి ఇండియన్ హెడ్ పెన్నీని (పాతకాలపు ఒక సెంటు నాణెం) ప్యాంటుకేసి తుడిచాను, మట్టిలోని ఇసుక గీతలు ముఖం మీద పడిపోయాయి, ఇప్పటికీ చూస్తే బాధేస్తుంది. వెండిని నీళ్లలో కడిగి ఆరబెడితే చాలు. రాగిని ఆరనిచ్చి పళ్లపుల్లతో ఓపిగ్గా మట్టి తీయాలి. పాలిష్ జోలికి వెళ్లొద్దు.

గుర్తుంచుకోవాల్సిన సంవత్సరాలు కొన్ని: డైమ్, క్వార్టర్ 1964 దాకా 90 శాతం వెండి. 1942 నుంచి 45 దాకా కొన్ని నికెల్ నాణేల్లో 35 శాతం వెండి ఉంది, వెనకవైపు భవనం పైన పెద్ద అక్షరం ఉంటే అదే. గోధుమ కంకుల పెన్నీ 1909 నుంచి 1958 దాకా. అది మనకు చిల్లికాణీ లాంటిది, విలువ తక్కువే కానీ అది పడిందంటే ఆ నేల పాతదని తెలుస్తుంది. అదే 1982 తర్వాతి జింక్ పెన్నీలే (మట్టి తినేసి పుండుపడినట్టు ఉంటాయి) వస్తుంటే చోటు మార్చండి.

బాంబులాంటిది గానీ ఎముకలు గానీ కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు ఫోన్ చేయండి. ఒకేచోట కుప్పగా నాణేలు పడినా తవ్వడం ఆపండి. 1992లో ఇంగ్లండ్‌లోని హాక్స్‌న్‌లో ఒకాయన పొలంలో పోయిన సుత్తి కోసం డిటెక్టర్‌తో వెతుకుతుంటే రోమన్ నిధి తగిలింది. ఆయన మొత్తం పీకేయకుండా అధికారులకు చెప్పాడు. పురావస్తు నిపుణులు వచ్చి సుమారు 15 వేల నాణేలను, వాటిని దాచిన పెట్టె ఆనవాళ్లతో సహా, పద్ధతిగా తీశారు. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది.

చివరగా, జేబులో ఒక చిన్న నోటుపుస్తకం ఉంచుకోండి. ఏ నాణెం, ఎంత లోతు, ఏ చెట్టుకు ఎన్నడుగుల దూరం, ఇంతే రాయండి. మా దగ్గరి ఒక పార్కులో ఇలా రాసుకున్నవి చూస్తే మూడు కంకుల పెన్నీలు పది అడుగుల లోపే పడ్డాయి, అన్నీ ఆరంగుళాల లోతులో. పాత ఫొటో తీసి చూస్తే అక్కడ ఐస్‌క్రీం బండి నిలబడేది. వచ్చే శనివారం అక్కడికే వెళ్తున్నాను, ఈసారి చిన్న కాయిల్‌తో.